మెహ్రౌలీ ఇనుప స్తంభం ఆత్మకథ

ఢిల్లీలోని మెహ్రౌలీలో, కుతుబ్ మీనార్ పక్కనున్న పాత మసీదు ప్రాంగణంలో ఒక ఇనుప స్తంభం ఉంది. వయసు సుమారు 1600 ఏళ్లు, పొడవు 7 మీటర్ల పైచిలుకు, బరువు 6 టన్నులకు పైనే. రాజుల ఘనత చెప్పడానికి పుట్టిన దానికి ‘నేను’ అనడం అలవాటు లేదు. తన కథ తాను చెప్పుకునేటప్పుడూ అది ‘ఈ స్తంభం’గానే ఉంటుంది.

ఈ స్తంభం పోతపోసినది కాదు. ఖనిజాన్ని బొగ్గుతో కలిపి చిన్న కొలుముల్లో తిత్తులు ఊదుతూ కాలిస్తే ఇనుప ముద్ద దిగేది. దాన్ని సమ్మెటలతో బాది చిట్టెం వదలగొట్టేవారు. వేడి ఆరకముందే ముద్దకు ముద్ద అతికించి బాదగా బాదగా ఈ ఒళ్లు తయారైంది. కొలిమిలో సున్నపురాయి వేయలేదు కాబట్టి ఇనుములో భాస్వరం మిగిలిపోయింది. ఇప్పటి ఉక్కు కర్మాగారాల్లో భాస్వరం ఎక్కువైతే దోషం. ఇక్కడ ఆ దోషమే తుప్పు నుంచి రక్ష. వానకు తడిసి, ఎండకు ఆరే కొద్దీ ఆ భాస్వరం లోహాన్ని అంటిపెట్టుకుని పల్చని పొర కట్టిందని కాన్పూర్ ఐఐటీ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించారు. అసలు తుప్పే పట్టలేదనడం మాత్రం అతిశయోక్తి. నేలలో పాతిన భాగానికి పట్టింది.

ఒంటి మీద గుప్తుల నాటి బ్రాహ్మీ లిపిలో 6 పంక్తుల సంస్కృత శాసనం ఉంది. ‘చంద్ర’ అనే రాజు విష్ణుపదగిరి మీద దీన్ని విష్ణుధ్వజంగా నిలిపాడని అది చెబుతుంది. ఆ చంద్రుడు రెండవ చంద్రగుప్తుడేనని (సుమారు 375–415) ఎక్కువమంది పండితుల మాట. సమ్మెట పట్టిన కమ్మరి పేరు ఒక్కటీ అందులో లేదు.

వరసకు ఈ స్తంభానికి పెద్దది అలహాబాద్ రాతి స్తంభం. చంద్రగుప్తుడి తండ్రి సముద్రగుప్తుడి విజయాలను దాని మీద హరిషేణుడు రాశాడు. వేంగి హస్తివర్మ, పిష్టపురం (నేటి పిఠాపురం) మహేంద్రుడు అందులో కనిపిస్తారు, ఓడినవారి జాబితాలో. ఆ సముద్రగుప్తుడే వీణ వాయిస్తున్నట్టు బంగారు నాణేలు వేయించుకున్నాడు. చంద్రగుప్తుడి కూతురు ప్రభావతీగుప్త వాకాటకుల కోడలైంది. అజంతాలోని మేటి చిత్రాలు ఆ వంశం పాలనలో వేసినవే. గుప్తుల కాలపు గణితవేత్త ఆర్యభటుడు 499లో, 23 ఏళ్ల వయసులో, 20,000 వ్యాసమున్న వృత్తానికి పరిధి 62,832 అని లెక్కగట్టాడు. అది ‘ఆసన్నం’, అంటే ఉజ్జాయింపు, అని తనే ఒప్పుకోవడం లెక్కకన్నా గొప్ప సంగతి.

ఈ స్తంభాన్ని ఢిల్లీకి ఎవరు తెచ్చారన్న దానిపై పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఒంటి మీద ఒకచోట సొట్ట ఉంది. నాదిర్ షా 1739లో ఫిరంగి పేల్పించాడని జనం చెప్పుకుంటారు. ఆ తర్వాతి దాడి ప్రేమతో జరిగింది: స్తంభానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి చుట్టి వేళ్లు కలిపితే అదృష్టమని ఎగబడ్డారు. ఆ ఎత్తులో ఇనుము రాపిడికి నున్నబడి మెరుస్తుంది. 1997లో చుట్టూ కంచె వేశారు.