బిల్లు కొట్టే అమ్మాయికి కుర్చీ ఏదీ?

మా రోజుల్లో కొట్లో కూర్చునేది కొట్టాయన, నిలబడేది మనం. తెనాలిలో మా వీధి చివర శెట్టిగారు గల్లాపెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. చీటీ ఇస్తే గుమాస్తా కందిపప్పు తూచి పాత పేపర్లో పోసి, అంచులు మడిచి, పైనుంచి వేలాడే పురికొస లాగి నాలుగు చుట్లు చుట్టి పుటుక్కున తెంపేవాడు. ఆ పొట్లం ఇంటికొచ్చేదాకా విడిపోతే ఒట్టు! శెట్టిగారు పద్దు రాసుకుంటూనే, "నాన్నగారికి దగ్గు తగ్గిందా అబ్బాయ్?" అని అడిగేవారు. కొసరు ఎలాగూ ఉండేది. పిల్లలు వెళితే బెల్లంముక్క చేతిలో పెట్టేవారు.

ఇప్పుడు హైదరాబాదులో మా ఇంటి దగ్గర సూపర్ మార్కెట్‌కి వెళితే, "సార్, మొబైల్ నంబర్?" అదే పలకరింపు. నంబరు కోసం పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే దుకాణాలకి చెప్పింది. వింటున్నదెవరు? చిల్లరకి బదులు చాక్లెట్ ఇస్తారు. డబ్బు కట్టి బయటికొస్తుంటే గుమ్మం దగ్గర సెక్యూరిటీ మనిషి సంచీలోకి తొంగిచూసి బిల్లు మీద ముద్ర కొడతాడు. ఈ వయసులో నాకిదేం పరీక్ష!

అయినా కౌంటర్లో ఉన్న అమ్మాయిని నేనేమీ అనను. పొద్దున వెళ్లినా, రాత్రి వెళ్లినా నిలబడే ఉంటుంది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, సరుకు తిప్పి బార్‌కోడ్ వెతుక్కుంటూ, బియ్యం బస్తా వస్తే వంగి స్కానర్ ఆనించి మళ్లీ లేస్తూ. "కుర్చీ వేసుకోవచ్చు కదమ్మా" అన్నాను. "మేనేజర్ ఊరుకోరు తాతగారూ" అంది. అలా నిలబెట్టి, పైగా కొనేవాళ్లతో నవ్వుతూ మాట్లాడమంటే ఎలా మాట్లాడుతుంది?

మా అబ్బాయి ఉండే జర్మనీలో ముచ్చట్లేమీ ఉండవు. హలో అని సరుకులు గబగబా దొర్లించేస్తారు, మన సంచీ మనమే సర్దుకోవాలి. ఆలస్యమైతే వెనకవాళ్లు గుర్రుగా చూస్తారు. ఆ తొందర నాకు నచ్చదు. కానీ బిల్లు కొట్టే మనిషి హాయిగా కూర్చుని ఉంటుంది! 1997లో వాల్‌మార్ట్ అక్కడికి వెళ్లి, అమెరికా పద్ధతిలో నవ్వులూ, సంచీలు సర్దిపెట్టడాలూ తెచ్చింది. జనానికి అవి రుచించలేదు. ధరల పోటీ వంటి కారణాలు ఇంకా ఉన్నాయనుకోండి, 2006లో మూటాముల్లె సర్దేసింది.

అంతదూరం ఎందుకు, కేరళలో బట్టల షాపుల ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం పోరాడితే 2018లో చట్టం మార్చారు. 2021లో తమిళనాడూ మార్చింది. మా సూపర్ మార్కెట్ మేనేజరుకి ఈ సంగతి చెప్పాను. "పైవాళ్లని అడగాలండీ" అన్నాడు. ఒక్క స్టూలుకి పైవాళ్లెందుకయ్యా?