కష్టాల కరణం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరణీకాలు 1984లో రద్దయ్యాయి. న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటున్న మా కరణంగారికి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. దస్త్రం ఆయన జేబులోనే ఉంది, ఫోనులో. కాకపోతే అందులో ఉన్నవి పొలాలు కావు, పియానో కృతులు. పందొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో ఎవరు ఏం రాశారు, ఏది ఎంత కష్టం, ఏది దేనికన్నా వీసమెత్తు ఎక్కువ కష్టం, అన్నీ నమోదై ఉన్నాయి. ఆయన నోట "టెన్ బై టూ" అంటే షోపాన్ ఓపస్ 10లో రెండో ఎట్యూడ్. "ట్వెంటీఫైవ్ బై సిక్స్" అంటే ఓపస్ 25లో ఆరోది. మొదట్లో ఆయన ఫోనులో ఈ నంబర్లు చదువుతుంటే, పాపం ఊళ్లో పొలం తగాదా ఏదో తెగడం లేదు కాబోలు అనుకున్నాను.

ఆయన పేరు చెప్పను. పేరుతో పని కూడా లేదు. ఈ జాతి మనుషులు పియానో ఉన్న ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరుంటారు. గుర్తుపట్టడం తేలిక. కచేరీ అయ్యాక పక్కకి తిరిగి "అబ్బ, ఎంత బాగుందో" అనండి. మామూలు మనిషైతే "అవునండీ" అంటాడు. కరణమైతే మీవంక జాలిగా చూసి, "బాగుండటానికేం లెండి, కష్టం మాత్రం అంత లేదు" అంటాడు.

మా అమ్మాయి పియానో నేర్చుకుంటోందని తెలిసి ఒక ఆదివారం పొద్దున టిఫినుకి వచ్చారు. ఎప్పటికైనా లిస్ట్ రాసిన లా కంపనెల్లా వాయించాలని ఉందని అది చెప్పింది. చేతిలోని పెసరట్టు ముక్క ప్లేటులో పెట్టేశారు.

"కంపనెల్లానా! చూడ్డానికి భయమేగానీ అది గంతుల వ్యవహారం తల్లీ. పైనున్న మెట్టు మీద గంట కొట్టి, రెండు ఆక్టేవులు దూకి మళ్లీ రావడం. పైగా ఇప్పుడందరూ వాయించేది 1851 నాటి సవరణ. అసలు కష్టం 1838 ప్రతిలో ఉంది. లిస్ట్ మహాశయుడే దయతలచి తగ్గించాడు. సగం శిస్తు మాఫీ అయ్యాక కట్టినవాడు గొప్ప రైతా?" అని, నా వైపు తిరిగి, "అయినా లిస్ట్ లేకపోతే మనకి లిస్టే లేదండీ" అన్నారు.

"లిస్టు ఫ్రిజ్ మీదుంది, పాలు కూడా రాశాను చూసుకోండి" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

ఆ మీదట పాఠం నా మీదకి మళ్లింది. "ఏదీ, కుడిచెయ్యి బల్లమీద పెట్టండి" అన్నారు. పెట్టాను. "నడిమి వేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు. ఈ మూడింటితోనే మెట్లన్నీ, నల్లవీ తెల్లవీ ఒక్కటి వదలకుండా పైకీ కిందకీ పరిగెత్తాలి. బొటనవేలూ చూపుడువేలూ ఊరుకోవు, కింద స్వరాలు తడుతూ ఉంటాయి. ఇదీ టెన్ బై టూ. నిమిషన్నర. ఆగడానికి లేదు." నడిమి వేలు మీంచి ఉంగరం వేలు దాటబోయి రెండూ పెనవేసుకున్నాయి. "సరే, ఉంగరం వేలు ఒక్కటే పైకి లేపండి" అన్నారు. లేపాను. పిలవని పేరంటానికి వచ్చినట్టు పక్క రెండూ లేచాయి. "చూశారా! దానికి సొంత ఆస్తి లేదు. స్నాయువులు పక్కవాళ్లతో ఉమ్మడి. షోపాన్ వేరు కాపురం పెట్టమంటాడు. అదండీ కష్టం." అప్పటికి నా చిటికెన వేలు అల్లం పచ్చట్లో ఉంది.

ఇదే ఊపులో షూమన్ కథ కూడా చెప్పారు. వేలికి బలం రావాలని ఆయన ఏదో పరికరం తగిలించుకున్నాడనీ, చివరికి కుడిచెయ్యి చెడి కచేరీల ఆశే వదులుకున్నాడనీ. నేను గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. దస్త్రంలో ఇలాంటి ఆసుపత్రి పేజీలు చాలా ఉన్నాయి. లిస్ట్ రాసిన డాన్ హువాన్ ఫాంటసీని, బలాకిరెవ్ ఇస్లామేని పట్టుబట్టి సాధన చేసి స్క్రియాబిన్ కుడిచెయ్యి దెబ్బ తీసుకున్నాడు. ఆ తర్వాతే ఎడమచేతికి మాత్రమే ఒక ప్రెల్యూడూ ఒక నాక్టర్నూ రాశాడు. కరణంగారు దీన్ని విషాదంగా చెప్పరు. సాక్ష్యంగా చెబుతారు.

ఒక్క మాట న్యాయంగా ఒప్పుకోవాలి. ఈ జబ్బు వినేవాళ్లకి మాత్రమే వచ్చింది కాదు, రాసినవాళ్ల దగ్గరే మొదలైంది. 1869లో ఇస్లామే రాసిన బలాకిరెవ్‌కే అందులో కొన్ని చోట్ల చేతులు తిరిగేవి కావు. దాన్ని మించిన కష్టం రాయాలని రావెల్ 1908లో పంతం కట్టి స్కార్బో రాశాడు. ఊళ్లో పక్కింటాయన రెండంతస్తులు వేస్తే మనం మూడు వేయడం లాంటిదే. అయితే ఆ మూడో అంతస్తులో రావెల్ ఒక దయ్యప్పిల్లని కాపురం పెట్టాడు. అది వినాలి. కరణంగారు అంతస్తులు లెక్కపెట్టి దిగిపోతారు.

కిందటేడు ఆయనతో న్యూయార్క్ వెళ్లి కార్నెగీ హాల్లో కచేరీ విన్నాను. టికెట్లు ఎడమవైపే కొంటారు. అటునుంచైతేనే వాయించేవాళ్ల చేతులు కనబడతాయి. కుడివైపు ఉచితంగా ఇచ్చినా రారు. రైల్లో నేనూ ఒక రాయి వేశాను. రఖ్మానినోవ్ మూడో కాన్చెర్టో గురించి అప్పుడే చదివి ఉన్నాను మరి. 1909లో దాన్ని జోసెఫ్ హాఫ్‌మన్‌కి అంకితమిచ్చాడు. హాఫ్‌మన్ దాన్ని కచేరీలో ఎన్నడూ వాయించలేదు. ఆయనవి చిన్న చేతులు, స్టైన్‌వే వాళ్లు ఆయనకోసం కాస్త సన్నటి మెట్లతో పియానోలు చేసిపెట్టారు. రఖ్మానినోవ్ చెయ్యేమో చాపితే ఆక్టేవు దాటి ఇంకో నాలుగైదు మెట్ల అవతలికి పోయేది. "మరి ఆ కష్టం కాగితం మీద ఉన్నట్టా, చేతిలో ఉన్నట్టా?" అన్నాను. షోపాన్ వాయించిన ప్లెయెల్ పియానో మెట్లు ఇప్పటివాటికన్నా తేలికగా, తక్కువ లోతుకి దిగేవట కదా, మరి టెన్ బై టూకి ఏనాటి రేటు కడతారు అని కూడా కలిపాను.

కరణంగారు కిటికీలోంచి న్యూవార్క్‌ని చూస్తూ, "మేం సగటు చెయ్యి తీసుకుంటామండీ" అన్నారు. ఆ సగటు చెయ్యి ఎవరిదో, ఏ ఊళ్లో ఉందో చెప్పలేదు. ఆయనది మాత్రం కాదు, ఆక్టేవు కూడా అతి కష్టం మీద అందుతుంది.

ఆ రాత్రి ఒక కుర్ర పియానిస్టు ఫ్యూ ఫొలే వాయించాడు. లిస్ట్ పన్నెండు ట్రాన్సెండెంటల్ ఎట్యూడ్లలో అయిదోది. ఆ పేరుకి మన మాట కొరివిదయ్యాలు. కుడిచేతిలో రెండేసి స్వరాలు జంటగా, చప్పుడు కాకుండా, మిణుకుమంటూ పోతుంటాయి. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మా తాతగారింట్లో డాబామీద పడుకుని, చెరువు అవతల ఏదో వెలిగి ఆరిందని ఒకళ్లనొకళ్లం గిల్లుకుంటూ భయపడిన రాత్రులు గుర్తొచ్చాయి. అంత కష్టపడేదీ, కష్టం వినబడకుండా ఉండేందుకే. పక్కన కరణంగారు చిన్న బైనాక్యులర్స్‌లోంచి ఆ పిల్లవాడి కుడిచేతి నాలుగో వేలిని కాపలా కాస్తున్నారు. చివరి స్వరం ఆగకముందే నా చెవిలో, "రెండో పేజీలో ఒక జంటలో కింది స్వరం మింగేశాడు" అన్నారు.

విరామంలో అసలు కచేరీ జరిగింది. లాబీలో ఇంకో కరణం ఎదురయ్యాడు, డెబ్బై దాటిన అమెరికన్ తాత. ముందెప్పుడూ పరిచయం లేదు. వేలంపాట మొదలైంది. తాత "లిస్ట్ మజెప్పా" అన్నాడు. మా కరణంగారు నవ్వి "ఇస్లామే" అన్నారు. తాత "స్కార్బో". మా కరణంగారు "గొడోవ్స్కీ". షోపాన్ ఎట్యూడ్లు చాలినంత కష్టంగా లేవని వాటిమీద 53 ఎట్యూడ్లు కట్టి, కొన్నింటిని ఎడమచేతికి ఒక్కదానికే అప్పగించిన మహానుభావుడు ఆయన. తాత తొణకలేదు. కాఫీ కప్పు పక్కన పెట్టి, తురుపు ముక్క దించినట్టు నెమ్మదిగా "ఆల్కాన్, 1857" అన్నాడు. ఆర్కెస్ట్రా లేకుండా ఒక్క పియానోకే కాన్చెర్టో రాసినాయన. మొదటి భాగమే పదమూడు వందల బార్లు దాటుతుంది, అరగంట పడుతుంది. మా కరణంగారి ముఖం చిన్నబోయింది. తేరుకుని "సొరాబ్జీ, నాలుగు గంటల కృతి" అన్నారు. "1930. రొమాంటిక్ కాదు. చెల్లదు" అన్నాడు తాత. గంట మోగింది. ఇద్దరూ బాత్రూముకి వెళ్లాలనుకున్నవాళ్లే, ఇద్దరూ వెళ్లలేదు.

మొన్న పండక్కి వాళ్లింటికి పిలిచారు. హాల్లో పియానో ఉంది. దానిమీద వెంకటేశ్వరస్వామి పటం, విప్పని ఉత్తరాలు, ఒక ఇయర్‌ఫోను. మా అమ్మాయి వాయించమని అడిగింది. కరణంగారు ఉత్తరాలు పక్కకి జరిపి కూర్చున్నారు. టెన్ బై టూ మొదలుపెట్టి ఒక్క వరస వాయించి ఆపారు. ఫ్యూ ఫొలే మొదటి వరస. ఇస్లామే మొదటి వరస, అందులో ఒకే స్వరం టకటకమని కొట్టే చోటు. ప్రతిదీ సరిగ్గా పొలిమేర దాకా వెళ్లి ఆగుతోంది.

"తర్వాత?" అంది అది.

"తర్వాతదేనమ్మా అసలు కష్టం" అని లేచి చోటిచ్చారు.

అది షూమన్ ట్రాయ్‌మెరాయ్ వాయించింది. రెండు నిమిషాల పైమాట. ఓ చోట తడబడి మళ్లీ అందుకుంది. కరణంగారు ఫోను తీయలేదు. "ఫిఫ్టీన్ బై సెవెన్" అని మాత్రం గొణిగారు, అదీ అలవాటు కొద్దీ.

బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర దాన్ని ఆపారు. "అమ్మా, అక్కడ ఎడమచేతిలో స్వరాలు చాలా ఎడంగా ఉంటాయి. చెయ్యి అందదు. నువ్వెలా పట్టావు?"

"అందలేదంకుల్. ఒక్కసారే కొట్టకుండా ఒకదాని తర్వాత ఒకటి విడదీసి వాయించేశా."

"అలా చేస్తే కష్టం తగ్గిపోతుంది గదమ్మా!" అన్నారు, కళ్లెదుటే శిస్తు ఎగ్గొట్టిన రైతుని చూసినట్టు.

"అందుకే అంకుల్" అంది అది, చెప్పుల్లో తన జత వెతుక్కుంటూ.