గెజిట్ తెచ్చిన యవ్వనం

ముసలి చ్యవన మహర్షి పడుచువాడు కావాలంటే అశ్వినీ దేవతలు దిగిరావలసి వచ్చింది, కొలనులో మునక వేయవలసి వచ్చింది. కేంద్ర న్యాయశాఖ అంత తతంగం పెట్టుకోలేదు. 2024 మార్చి 1న ఒక గెజిట్ అచ్చువేసి, 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో పోస్టల్ ఓటుకు వయసు 80 ఉన్నచోట 85 అని దిద్దింది. 80కీ 85కీ మధ్య ఉన్న దాదాపు 98 లక్షల మంది రాత్రికి రాత్రే కుర్రాళ్లయి కూర్చున్నారు. ఆ నెల 16న లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు చదువుతూ అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ రాజీవ్ కుమార్, 85 దాటినవారికి ఇంటి దగ్గరే ఓటు అని ఘనంగా చెప్పుకున్నారు. ఆ 85 అంతకుముందు దాకా 80 అన్న సంగతి మనం మరిచిపోతే ఆ ఘనతకు లోటేమీ ఉండదు.

ఈ కాయకల్ప చికిత్స బాగా పనిచేసిన చోటు చూడాలంటే నెల్లూరు తీరానికి రావాలి. 2021 ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభకు ఉప ఎన్నిక జరిగింది. ముత్తుకూరు తీరం సర్వేపల్లి సెగ్మెంటు కింద, కోట, వాకాడు, చిల్లకూరు తీరం గూడూరు సెగ్మెంటు కింద ఆ ఎన్నికలో ఓటేశాయి. అప్పట్లో 80 నిండినవారు ముందే పోస్టల్ ఓటు వేసుకోవచ్చు. అంటే ఆనాడు 80 ఏళ్ల అవ్వ అధికారికంగా ముసలిది. 2024 మే 13 పోలింగ్ నాటికి ఆమెకు 83, అధికారికంగా పడుచు. మూడేళ్లు గడిచి వయసు తగ్గినవాళ్లు పురాణాల్లో కూడా అరుదే. పైగా ఇదే తీరంలో రాష్ట్ర ప్రభుత్వం మత్స్యకారుడికి 50 ఏళ్లకే పింఛను ఇస్తోంది. వల లాగిన చేతులు త్వరగా అరిగిపోతాయని దానికి తెలుసు. ఒకే మనిషి పింఛను ఫైలులో 50కే ముసలివాడు, ఓటరు జాబితాలో 84 దాకా వస్తాదు. ఇంతటి యువశక్తిని ఇంట్లో ఎందుకు కూర్చోబెట్టాలి? జూన్ 14తో వేట నిషేధం ముగుస్తుంది, 15న మొదటి బోటుకు వీళ్లనే ఎక్కించి పంపితే సరి. 83 ఏళ్ల యువకులకు పెళ్లిసంబంధాలు కూడా చూడవచ్చు, కట్నం దగ్గర మాత్రం గెజిట్ కాపీ చూపించాలి.

ఈ మార్పుకు చూపిన కారణం మరీ ముచ్చటైనది. అంతకుముందు జరిగిన 11 అసెంబ్లీ ఎన్నికల్లో 80 దాటినవారిలో ఈ సౌకర్యం ఎంచుకున్నది 2, 3 శాతమేనట, మిగిలినవాళ్లు బూత్‌కే ఇష్టపడ్డారట. ఆ లెక్కనే నమ్ముదాం. 98 లక్షల్లో 2, 3 శాతమంటే రెండు నుంచి మూడు లక్షల మంది. 543 లోక్‌సభ స్థానాలకు పంచితే స్థానానికి 360 నుంచి 540, మన దగ్గర ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటుకు వంద మంది కూడా రారు. ఇంత కొద్దిమందైతే తీసేసి మిగుల్చుకున్నదేమిటి? కాదు, చాలామంది అడుగుతారంటారా, అయితే అది అవసరమని మీరే ఒప్పుకున్నట్టు. ఎటు తిప్పినా వాదన నిలవదు. కానీ తక్కువమంది వాడితే వయసు పెంచాలన్న సూత్రానికి భవిష్యత్తు ఉంది. 85 దాటినవారిలోనూ కొద్దిమందే అడిగితే 90 చేయవచ్చు, ఆపైన 100. వందేళ్లు దాటిన ఓటర్లు 2.18 లక్షల మంది ఉన్నారని కమిషనర్ గారే చెప్పారు, వాళ్లు కూడా మొహమాటపడితే 120 పెట్టేద్దాం. అప్పటికి ఆ అర్హత మిగిలేది, కాలం చేసినా ఓటరు జాబితాలో చిరంజీవులుగా ఉన్న పెద్దలకే. వాళ్ల ఓటు ఎలాగూ చాలాచోట్ల మనిషి కదలకుండానే పడుతుందని ప్రతీతి కనుక, సౌకర్యం నూటికి నూరు శాతం వినియోగమైనట్టు నివేదిక రాసుకోవచ్చు.

నడవలేనివారికి వైకల్యం కోటా ఉందిగా అంటారు. ఉంది, 40 శాతమని ధ్రువపత్రం ఉంటే. ఆ పత్రం కావాలంటే సదరం శిబిరానికి స్లాటు తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. ఊళ్లోని బడిదాకా నడవలేనని నిరూపించుకోవడానికి ఇదే తీరంలోని తూపిలిపాళెం ముసలాయన ఊళ్లు దాటి ప్రయాణం చేయాలన్నమాట. ఇంట్లో ఓటైతే కొడుకులో, పార్టీవాళ్లో చెవిలో ఊదుతారన్నది మరో అభ్యంతరం. అది నిజంగా ఆలోచించాల్సిందే. అందుకే పోలింగ్ సిబ్బంది, పోలీసు, వీడియో కెమెరా వెంట వస్తాయి, అభ్యర్థులకు ముందే కబురు పెడతారు. అయినా 84 ఏళ్ల చెవిలో ఊదేవాడు 86 ఏళ్ల చెవిని వదిలిపెడతాడా? ఇక 85 దాటిన అదృష్టవంతుల సంగతి చూడండి. ముందే ఓటేయాలా, పోలింగ్ రోజే బూత్‌కు వెళ్లాలా అన్నది నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లో ఫారం 12డీ మీద తేల్చి చెప్పాలి. 2024లో మన నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది, నామినేషన్ల ఉపసంహరణ గడువు 29న ముగిసింది. బరిలో ఎవరు మిగులుతారో తెలియకముందే, మే నెల కత్తిరి ఎండలో తన మోకాళ్లు ఎలా ఉంటాయో 85 దాటిన అవ్వ జోస్యం చెప్పవలసి వచ్చింది. ఒకసారి ఆ జాబితాకెక్కితే బూత్‌లో ఓటు లేదు. సిబ్బంది రెండోసారి వచ్చినప్పుడు కూడా ఆమె ఆసుపత్రిలో ఉంటే ఆ ఓటుకు అంతటితో నీళ్లు వదులుకోవలసిందే.

ఇక వేళాకోళం చాలు. ఈ 98 లక్షల మందీ 1962లోనో 1967లోనో తొలి ఓటు వేసిన తరం. అప్పుడు ఓటు వయసు 21. తొలి ఓటుకు 21 దాకా ఆగమన్న రాజ్యం, ఆఖరి ఓట్ల దగ్గర 85 దాకా ఆగమంటోంది. ప్రతినెలా ఒకటో తేదీన పింఛను తెచ్చిచ్చే రాజ్యానికి ఆ గుడిసె ఎక్కడుందో, అందులో మంచం మీద ఎవరున్నారో తెలుసు. డబ్బు మోసుకొచ్చే దారిలో బ్యాలెట్ కాగితం రాలేదంటే నమ్మేదెవరు? బూత్‌కి వెళ్లగలిగినవాళ్లు దర్జాగా వెళతారు, వాళ్లకు ఎవరి దయా అక్కర్లేదు. వెళ్లలేని ఆ కొద్దిమందే లెక్కలో తేలికగా కనిపించారు, అందుకే కోసేశారు. కొద్దిమంది కాబట్టి కొట్టిపారేయవచ్చు అనుకునే చోట హక్కు అన్న మాటకు విలువ లేదు. 80ని తిరిగి పెట్టండి. అంతకంటే మంచిది, అంకెనే తీసేసి, నడవలేనన్న మనిషి సంతకాన్నో వేలిముద్రనో నమ్మండి. బ్యాలెట్లు అచ్చయ్యేదాకా ఆ దరఖాస్తు తీసుకోండి. 81 ఏళ్ల మనిషి మంచం దిగలేక ఓటు పోగొట్టుకుంటే అది ఆమె ముసలితనం చేసిన పని కాదు, మీరు చేసిన పని.