బరువు తేలకముందే మోటారా?

మా రోజుల్లో రేడియో కంట్రోల్ విమానానికి కరెంటు మోటారు పెట్టాలంటే ముందు త్రాసు ముందేసుకుని కూర్చునేవాళ్లం. స్పీడ్ 400 అని చిన్న బ్రష్ మోటారు ఉండేది. ఏడు నికెల్ కాడ్మియం సెల్స్ వరసగా కలిపితే 8.4 వోల్టులు. పది ఆంపియర్లు లాగేది. అందులో ప్రొపెల్లర్‌కి దక్కేది సగానికి కాస్త పైన, మిగతాదంతా వేడి. ఆ కాస్త బలంతో గాల్లోకి లేవాలంటే ప్రతి బాల్సా పుల్లనీ తూచి ఎంచాల్సిందే. జిగురు ఎక్కువైనా ఊరుకునేవాళ్లం కాదు.

ఇప్పుడు బ్రష్‌లెస్ మోటార్లు, లైపో బ్యాటరీలు వచ్చాయి. రెండూ గొప్పవే, కాదనను. నాకు మండేది వాటిని ఎంచుకునే తీరు చూస్తేనే.

"ఏ మోటారు పెట్టాలంకుల్?" అంటాడు కాలేజీ కుర్రాడు. విమానం బరువెంత అంటే "ఇంకా కట్టలేదంకుల్" అని జవాబు. మోటారు మాత్రం అప్పటికే కొనేసి ఉంటాడు. ఏ2212, 1000 కేవీ, దానికి తోడు మోటారు వేగాన్ని అదుపు చేసే 30 ఆంపియర్ల ఈఎస్సీ. ఏ ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాడి పెట్టె తెరిచినా అదే. యాభై గ్రాముల మోటారది. మూడు సెల్స్ లైపో మీద 130 వాట్లు దాటితే ఒగరుస్తుంది. తీరా విమానం కిలోన్నర తూగుతుంది. నేర్చుకునే విమానానికైనా కిలోకి 150 నుంచి 200 వాట్లు కావాలి కదా!

ఎగరకపోయేసరికి పది అంగుళాల ప్రొపెల్లర్ తీసి పదకొండుది బిగిస్తాడు. ప్రొపెల్లర్ తినే శక్తి వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అదే వేగంతో తిప్పాలంటే దాదాపు ఒకటిన్నర రెట్ల శక్తి కావాలి. చుట్టలు మాడిన వాసన కొడుతుంటే "ఈఎస్సీ 30 ఆంపియర్లది కదంకుల్" అంటాడు. అది ఈఎస్సీ తట్టుకునే హద్దు బాబూ, మోటారుది కాదు. ఇక కేవీ ఎక్కువైతే బలం ఎక్కువనుకునేవాళ్లకు లెక్కే లేదు. లోడు లేనప్పుడు వోల్టుకి నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పే అంకె అది, అంతే. పెద్ద ప్రొపెల్లర్‌తో నింపాదిగా ఎగిరే విమానానికి తక్కువ కేవీయే మేలు.

వరస ఇలా ఉండాలి. విమానం 1.2 కిలోలు అనుకుందాం. కిలోకి 200 చొప్పున 240 వాట్లు. మూడు సెల్స్ అంటే 11.1 వోల్టులు, కనుక దాదాపు 22 ఆంపియర్లు. మోటారు 30 ఆంపియర్లు తట్టుకునేది, ఈఎస్సీ 40ది తీసుకోవాలి. 2200 ఎంఏహెచ్ బ్యాటరీ ఫుల్ థ్రాటిల్‌లో ఆరు నిమిషాలకి ఖాళీ అవుతుంది, కానీ ఐదోదానికే దించేయాలి. లైపోని అడుగంటా పిండితే పాడైపోతుంది.

ఇంత లెక్కా వేశాక కూడా వాట్‌మీటర్ పెట్టి చూడందే ఎగరేయకూడదు. మేం మల్టీమీటర్‌తో తంటాలు పడేవాళ్లం, ఇప్పుడు వాట్‌మీటర్ బజార్లో దొరుకుతున్నా వీళ్లు కొనరు. విమానాన్ని ఒకరు గట్టిగా పట్టుకోవాలి, ప్రొపెల్లర్‌కి ఎదురుగాగానీ పక్కనగానీ ఎవరూ ఉండకూడదు. కొద్ది సెకన్లు ఫుల్ థ్రాటిల్ ఇస్తే చాలు. అంకె మోటారు హద్దు దాటిందా, అంగుళం చిన్న ప్రొపెల్లర్ వేసి మళ్లీ కొలవాలి.