తుప్పు సువేగకు తిరుగులేని చిట్కాలు

కొబ్బరి డొక్కల కుప్ప వెనక తాతగారి సువేగ మూలుగుతోందా? తిరుపతిలో మోపెడ్స్ ఇండియా వారు ఫ్రెంచి మోబిలెట్ నమూనాలో చేసిన బండి అది, పెడల్ తొక్కి స్టార్ట్ చేసేది. మీ పంట పండింది. 1972లో వచ్చిన లూనా అయినా, 1980లో వచ్చిన టీవీఎస్ 50 అయినా పద్ధతి ఇదే. ఒక్కటి గుర్తుంచుకోండి: బండి బాగైన రోజే మిమ్మల్ని అమలాపురం బజారుకి ములక్కాడలకు పంపుతారు. పని మొదలుపెట్టండి, పూర్తి చేయకండి.

1. వీధి అరుగు మీద, నలుగురూ చూసేలా బండి మొత్తం విప్పేయండి. బోల్టులన్నీ ఒకే డబ్బాలో పడేయండి. ఏది ఎక్కడిదో రాసుకోకండి, ఫోటోలు తీయకండి. చేతికి కాస్త గ్రీజు పూసుకుని కూర్చోండి. గ్రీజు చేతులవాడికి ఎవరూ పని చెప్పరు.

2. తుప్పు గోకకండి. పైనే ఎర్రరంగు కొట్టేయండి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కీ దిగీ ఉప్పుతేమ పట్టిన బండైతే మరీ మంచిది. రంగు కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. వానాకాలం వెళ్ళేసరికి రంగు బుడగలు తేలుతుంది, వేలితో నొక్కితే మడ్‌గార్డు రేకు చిల్లి పడుతుంది. ఇంట్లో రెండో విడత డబ్బులు అడగడానికి అదే అదను.

3. ట్యాంకులో మరలు, కాస్త గొలుసు వేసి కుదిపి, కడిగి ఆరబెట్టమంటారు మెకానిక్కులు. చేతులు పీకుతాయి, మానేయండి. లోపలికి టార్చి కూడా వేయకండి, చూస్తే చేయాల్సొస్తుంది. నిండా ఈ20 పెట్రోలు పోసి నెలల తరబడి వదిలేయండి. అందులోని 20 శాతం ఇథనాల్ తేమను లాగుతుంది, పాత రబ్బరు వాషర్లను ఉబ్బిస్తుంది. ఎర్రటి పొడి దిగి కార్బ్యురేటర్ జెట్‌లో కూర్చుంటుంది. పిన్నీసుతో గట్టిగా పొడవండి. రంధ్రం పెద్దదై, ఇక ఏ సెట్టింగూ కుదరదు.

4. టూ స్ట్రోక్ ఇంజనుకి పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి. కోనసీమలో ఉండి ఆయిల్ కొనడం దండగ! ఇంట్లో కొబ్బరినూనె ఉంది కదా, కొలత చూడకుండా పోయండి. సైలెన్సరు మసితో పూడాలి, పిస్టన్ పట్టేయాలి.

5. అసలు కిటుకు స్పేరు పార్టులో ఉంది. "బావగారూ, బండి ఎందాకా వచ్చిందండీ?" అంటే, "ఆయ్, పిస్టన్ తిరుపతి నుంచి రావాలండి" అనండి. ఆ ఫ్యాక్టరీ ఏనాడో మూతపడిందన్న మాట ఇంట్లో పొక్కనీయకండి. పార్టు వంకతో కొండెక్కి దర్శనం చేసుకుని రండి. లడ్డూ చేతికిచ్చాక పిస్టన్ ఊసెత్తేవారుండరు. మళ్ళీ అడిగితే సైజు తేడా వచ్చిందనండి. ఒకసారి బోరు అనండి, ఒకసారి రింగులు అనండి. కొత్తపేట మెకానిక్కు మీద రాజోలు మెకానిక్కుకి చెప్పండి, ఇద్దరూ ముట్టుకోరు.

6. ఆర్‌సీ గడువు 15 ఏళ్ళు. ఎప్పుడో దాటిపోయింది. రెన్యువల్ జోలికి పోకండి. పొరపాటున ఇంజను పలికినా బండి రోడ్డెక్కకూడదు.

7. చివరికి పాత ఇనప సామాను కొనేవాడు వస్తాడు. బేరమాడకండి. బోల్టుల డబ్బా కూడా కాటా మీద పెట్టండి, బరువు కలిసొస్తుంది. డబ్బు జేబులో వేసుకుని, ఊళ్ళో ఇంకెవరింట్లో పాత లూనా ఉందో అతన్నే అడగండి.