భవిష్యత్తు కారుకు బూజు

పోతులూరి వీరబ్రహ్మంగారి తర్వాత అంత ధీమాగా కాలజ్ఞానం చెబుతున్నది కార్ల కంపెనీలవాళ్లే. కొత్త మోడల్ మీద ముసుగు లాగిన ప్రతిసారీ అది భవిష్యత్తు నుంచి సరాసరి స్టేజీ మీదికి దిగొచ్చిందనే అంటారు. పొగ, లేజర్ లైట్లు, గుండెలదిరే మ్యూజిక్కు, నల్ల టీషర్టు మీద కోటు తొడుక్కున్న డిజైన్ హెడ్డు. ఆయన గాల్లో చేత్తో ఒక గీత గీసి, పదేళ్లయినా ఈ కారు కొత్తగానే ఉంటుందని భరోసా ఇస్తాడు. మూడేళ్లు తిరక్కుండానే అదే స్టేజీ, అదే పొగ, అదే కోటు. ఈసారి ముసుగు కింద ఉన్నది అదే కారుకు 'ఫేస్‌లిఫ్ట్'. పదేళ్లు కొత్తగా ఉండాల్సిన మొహానికి మూడేళ్లకే కత్తి ఎందుకు పెట్టాల్సొచ్చిందని అడిగే విలేకరి ఆ హాల్లో ఉండడు. ఉన్నా, అప్పటికి అతని నోట్లో పనీర్ టిక్కా ఉంటుంది.

నా ఫిర్యాదు ఒక్కటే. భవిష్యత్తునని చాటుకున్న కారే అందరికన్నా ముందు ముసలిదవుతుంది. ఇది తెలియక జరుగుతున్నది కూడా కాదు. కారు త్వరగా పాతబడటం వాళ్ల సరుకులో లోపమని మనం అనుకుంటున్నాం. వాళ్లు అమ్ముతున్న సరుకే అది.

1957లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ తన ప్లిమత్ కారును 'ఉన్నట్టుండి 1960 వచ్చేసింది' అనే నినాదంతో బజారులోకి తెచ్చింది. వెనక రెండు పక్కలా విమానం తోకలాంటి రెక్కలు. గీయించినవాడు వర్జిల్ ఎక్స్‌నర్. ఈ రెక్కలు అందానికే కాదు, పక్కగాలిలో బండి నిలకడకు కూడా అని కంపెనీ చెప్పింది. జనం ఎగబడ్డారు. 1960 సంగతేమో గానీ తుప్పు మాత్రం దానికన్నా ముందే వచ్చేసింది; హడావుడిగా తయారైన ఆ ఏటి క్రైస్లర్ బళ్లకు ఆ విషయంలో మంచి పేరే ఉంది. పక్కింటి జనరల్ మోటార్స్ చూస్తూ ఊరుకోదు కదా, 1959 కాడిలాక్ రెక్కల్ని ఇంకా పైకి లేపి, వాటికి రాకెట్ మంటల్లా ఎర్రదీపాలు పెట్టింది. ఇక పెంచడానికి ఆకాశం తప్ప ఏమీ మిగల్లేదు. 1961 ప్లిమత్ వచ్చేసరికి రెక్కలే లేవు. 1960 నుంచి వచ్చామన్న కారుకు 1961లో మొహం చెల్లలేదు.

ఆ రెక్కల గాలి ఇటలీ దాకా వీచి, ఫియట్ 1100 వెనక చిన్న మొనలుగా మిగిలి, అక్కణ్నుంచి బొంబాయి చేరి ప్రీమియర్ పద్మినిలో కాపురం పెట్టింది. పుట్టినచోట ఎన్నాళ్లో బట్టకట్టని ఫ్యాషన్, లైసెన్స్ రాజ్ పుణ్యమా అని మన దగ్గర ఇరవయ్యో శతాబ్దం దాటాక కూడా టాక్సీలు తోలుకుని బతికింది. అది ఫ్యాషనని మనకెవరికీ తట్టను కూడా లేదు. కారంటే అలాగే ఉంటుంది అనుకున్నాం. అంబాసిడర్ కథా అంతే. గ్రిల్లు మార్చి మార్క్ టూ, ఇంకో గ్రిల్లు మార్చి మార్క్ త్రీ అంటూ 2014 దాకా లాగించారు. అది అందగత్తె అని నేననను. పాతబడాలంటే పక్కన కొత్తది ఒకటి నిలబడాలి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా పాపం అంబాసిడర్‌కు తన వయసే తెలీదు.

పక్కన కొత్తదాన్ని నిలబెట్టడాన్ని వ్యాపారంగా మార్చినవాడు జనరల్ మోటార్స్ అధిపతి ఆల్‌ఫ్రెడ్ స్లోన్. హెన్రీ ఫోర్డ్ 1908 నుంచి ఒకే మోడల్-టి కారును కోటిన్నర దాకా తయారుచేసి ఊరూరికీ చేర్చేశాడు. నిక్షేపంగా నడిచే కారు ఇంట్లో ఉన్నవాడికి ఇంకో కారు అంటగట్టడం ఎలా? ఆ నడిచే కారును చూసి వాడు సిగ్గుపడేలా చెయ్యాలి. 1927లో స్లోన్, హాలీవుడ్ తారలకు కార్లు సింగారించి పెట్టిన హార్లీ ఎర్ల్‌ను పిలిపించి 'ఆర్ట్ అండ్ కలర్' అని ఒక విభాగమే పెట్టించాడు. ఏడాదికో మొహం అక్కడ మొదలైంది. 1954లో బ్రూక్స్ స్టీవెన్స్ అనే డిజైనర్ ఏ దాపరికమూ లేకుండా చెప్పేశాడు: కాస్త కొత్తది, కాస్త మెరుగైనది, అవసరానికి కాస్త ముందే కొనాలన్న కోరికను మనిషిలో పుట్టించడమే పని అని. ఆయనకో దండం. ఇవాళ్టి బ్రోషర్లలో ఆ పాటి నిజాయితీ కూడా దొరకదు.

దీని కిటుకు ఫ్యాక్టరీలో ఉంది. పైకప్పు, తలుపులు, పక్క రేకులు వంచే ప్రెస్సు డైలు బాగా ఖరీదు. ఒకసారి చేయించాక ఏళ్ల తరబడి వాటితోనే నెట్టుకురావాలి. బంపర్లు, గ్రిల్లు, లైట్ల గూళ్లు ప్లాస్టిక్కు; అచ్చులు మార్చడం వాటితో పోలిస్తే చవక, బోల్టులు విప్పి బిగిస్తే పనైపోయె. అందుకే కంపెనీ 'సరికొత్త' అన్నప్పుడు చాలాసార్లు కొత్తగా ఉండేది ఆ నాలుగు ప్లాస్టిక్ ముక్కలే. సులువుగా మారేవాటిలోనే ఫ్యాషనంతా కుక్కుతారు, ముసలితనమూ అక్కణ్నుంచే మొదలవుతుంది. మీ ఐదారేళ్ల కారును పక్కనుంచి చూడండి, ఏ వంకా కనిపించదు. ముందుకొచ్చి నిలబడండి, తారీఖు కనిపిస్తుంది.

మా బావ తన కారు అమ్మడానికి విజయవాడ ఆటోనగర్ వెళ్తే తోడు వెళ్లాను. మధ్యవర్తి బండి చుట్టూ తిరిగాడు, బానెట్ ఎత్తాడు, టైర్లు నొక్కాడు, చివరికి వెనక్కి వెళ్లి నిలబడి పెదవి విరిచాడు.

"బండికి వంక పెట్టే పనిలేదండీ గురువుగారూ. కాకపోతే ఇది పాత షేపు."

"షేపు ఎక్కడ మారిందయ్యా? అదే డోర్లు, అదే టాపు," అన్నాడు బావ.

"లైట్లండీ. కొత్త షేపుకి వెనకాల పట్టీ వస్తది."

"ఈ లైట్లు వెలుగుతున్నాయిగా?"

"ఎలగటానికేం, బెమ్మాండంగా ఎలుగుతాయండి. పట్టీ లేదు కదండీ మరి."

ఇంజిను గురించి, గేరుబాక్సు గురించి, క్రమం తప్పకుండా చేయించిన సర్వీసింగుల గురించి బావ చెప్పిందంతా ఆ పట్టీ ముందు గాలికిపోయింది. మధ్యవర్తిని తప్పుపట్టలేం. స్లోన్ వందేళ్ల కిందట వేసిన లెక్కనే ఆయన రూపాయల్లోకి మార్చి చెప్పాడు, స్లోన్ ఎవరో తెలియకుండానే.

లైట్ల కథ ఒక పురాణం. 1998లో టయోటా జపాన్‌లో ఆల్టెజ్జా అనే కారు తెచ్చింది. వెనక లైటుకు ఎర్ర అద్దం తీసేసి తెల్లది పెట్టి, లోపల గుండ్రని దీపాలు కనబడేలా చేశారు. ఆ కారు మీద ముచ్చటగానే ఉండేది. కొన్నేళ్లలో ప్రపంచంలోని యాక్సెసరీ కొట్లన్నీ కనపడ్డ ప్రతి కారుకూ ఆ తెల్ల లైట్లు బిగించి పంపాయి. నకళ్ల దెబ్బకు అసలుదే చవకబారుగా కనబడసాగింది. తర్వాత బీఎండబ్ల్యూ హెడ్‌లైట్ల చుట్టూ వెలిగే వలయాలు వచ్చాయి. ఆ తర్వాత ఆడి కనుబొమల్లాంటి ఎల్ఈడీ వరస. ఈ రెండిటినీ ఇవాళ షేర్ ఆటోల మీద చూడొచ్చు. 2010లో నిస్సాన్ జూక్ అసలు హెడ్‌లైటును కిందికి దించి, కంటి స్థానంలో చిన్న దీపాలు పెట్టింది. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లంతా తర్వాత వరసకట్టి అదే చేశారు: హ్యుందాయ్ వెన్యూ, టాటా హారియర్, 2020 క్రెటా. నాలుగేళ్లు తిరిగి 2024 జనవరి వచ్చేసరికి క్రెటా నుదుటిమీద ఈ చివరి నుంచి ఆ చివరికి వెలిగే పట్టీ. అప్పటికే సెల్టోస్‌కూ ఉంది, నెక్సాన్ వెనకా ఉంది. రాత్రిపూట హైవే మీద వెళ్తుంటే ముందున్న బళ్లన్నీ జాతరలో సీరియల్ సెట్లు కట్టిన పందిళ్లలా ఉన్నాయి. ఏది ఏ కంపెనీదో తెలుసుకోవాలంటే దగ్గరికెళ్లి పేరు చదువుకోవాలి. మిగతావాళ్లకన్నా వేరుగా ఉండటానికే పెట్టామని ఒక్కొక్క కంపెనీ విడివిడిగా చెప్పింది మరి.

ఇందులో ఇంకో తమాషా. కారు రూపం ఖాయమయ్యేది అది షోరూముకు రావడానికి రెండుమూడేళ్ల ముందు. ఫ్యాషన్ వెంట పరిగెత్తే కంపెనీ దాన్ని పట్టుకుని మన ముందుకొచ్చేసరికి ఆ ఫ్యాషన్‌కు మీసాలొచ్చి ఉంటాయి.

మన దేశంలో కార్లను అందరికన్నా ఎక్కువగా తీర్చిదిద్దిన డిజైనర్ ఎవరని అడిగితే నేను పి.చిదంబరం పేరు చెబుతాను. 2006 బడ్జెట్లో ఆర్థిక మంత్రిగా ఆయన నాలుగు మీటర్ల లోపు పొడవూ చిన్న ఇంజినూ ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16కు తగ్గించారు. ఇటలీ స్టూడియోలు కూడా చెయ్యలేని పని ఆ ఒక్క వాక్యం చేసింది. 2008లో ఇండిగో సీఎస్, 2012లో డిజైర్ సుంకానికి తల వంచి డిక్కీ కోయించుకున్నాయి. వెనక సీటు దాకా ఠీవిగా వచ్చిన గీత అక్కడ హఠాత్తుగా ప్రాణం విడిచింది. చక్రాలకూ ఒంటికీ, ముందు భాగానికీ వెనక భాగానికీ పొత్తు కుదిరిన కారు ఎంత పాతదైనా చూడబుద్ధవుతుంది. కుదరని కారుకు ఎంత క్రోము అతికించినా ఆ ఏటి సుంకం రేటే గుర్తొస్తుంది. ఇప్పటి జీఎస్‌టీలోనూ ఆ నాలుగు మీటర్ల గీత పదిలంగా ఉంది.

వెనక్కి నడిస్తే పాతబడం కదా అని లెక్కేసిన తెలివిగలవాళ్లూ ఉన్నారు. ఫోక్స్‌వాగన్ 1960ల మొదట్లో అమెరికాలో ఒక ప్రకటన ఇచ్చింది: 1951 నుంచి 1961 దాకా ఏళ్లన్నీ వరసగా రాసి, అన్నిటికీ కలిపి ఒక్క బీటిల్. ఏటేటా మొహాలు మార్చే డెట్రాయిట్‌కు అది చెంపదెబ్బ. అదే కంపెనీ 1990ల చివర్లో ఆ పాత రూపాన్ని నున్నగా చెక్కి, స్టీరింగ్ పక్కన పూలు పెట్టుకునే గొట్టం తగిలించి 'న్యూ బీటిల్' అంది. మెక్సికోలోని ప్యూబ్లాలో కొన్నేళ్లపాటు అసలు బీటిలూ ఈ కొత్త బీటిలూ రెండూ తయారయ్యాయి. ఇవాళ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. 1930ల నాటిది 1930ల నాటి కారులా ఉంది. 1998 నాటిది 1998లో ఎవరో 1930ల గురించి కన్న కలలా ఉంది. అదే పాత వేషం కట్టిన క్రైస్లర్ పీటీ క్రూజర్ గురించి మాట్లాడి పాపం కట్టుకోను.

భవిష్యత్తు మాటెత్తిన ప్రతివాడూ మోసగాడేనా? 1955 పారిస్ మోటార్ షోలో సిట్రోయెన్ డీఎస్‌ను చూసి జనం నోళ్లు తెరిచారు, తొలిరోజే 12,000 ఆర్డర్లు వచ్చాయి. గీసిన ఫ్లామీనియో బెర్తోనీ శిల్పి కూడా. ఆ వాలు ముక్కు గాలిని చీల్చడానికి, ఆ తేలే నడక నూనెతో, గ్యాసుతో పనిచేసే సస్పెన్షన్ వల్ల. ఆ సస్పెన్షన్ నిజంగానే ముందుకాలానిది కాబట్టి ఒంటికి ఆ రూపం అతికింది. నకలు కొట్టాలంటే బంపరు మారిస్తే చాలదు, ఇంజినీరు కావాలి. అందుకే దాదాపు ఎవరూ కొట్టలేదు, అందుకే అది చవకబారు కాలేదు.

ఇంకో కొసన మన బొలెరో ఉంది. 2000లో వచ్చింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, చుట్టూ కార్లన్నీ ఒంటినిండా మడతలు వేసుకుని 'ఫ్లూయిడిక్' అంటుంటే ఇది డబ్బాలాగే పుట్టి డబ్బాలాగే ఉండిపోయింది. పొలం గట్టు దగ్గరా, తహసీల్దారు ఆఫీసు ముందూ, పెళ్లివారి విడిదిలోనూ దాన్ని పాత షేపు అనే మాటే వినబడదు. షేపు ఉందని ఎప్పుడూ చెప్పుకుంటే కదా. ఫ్యాక్షన్ సినిమాల్లో గాల్లోకి లేచిన టాటా సుమోలకూ అదే యోగం. పేలిపోయే క్షణంలో కూడా చూడముచ్చటగా ఉండేవి.

ఇప్పటి రోగం పేరు తెర. డ్యాష్‌బోర్డు మధ్యలో టీవీ నిలబెట్టి, మీటలన్నీ పీకేసి, దానికి భవిష్యత్తని పేరు పెట్టారు. ఏసీ ఒక గీత తగ్గించాలంటే రోడ్డు మీంచి కళ్లు తీసి మెనూలోంచి మెనూలోకి వెళ్లాలి. నిజానికి బ్యూక్ రివియెరాలో 1986లోనే టచ్‌స్క్రీన్ పెట్టారు, జనం తిట్టుకున్నారు, నాలుగేళ్లకే తీసేశారు. ఫోను మూడేళ్లకు మారుస్తాం, కారు పదిహేనేళ్లు ఉంచుకుంటాం. ఈ రెంటికీ ముడిపెడితే ముందు చచ్చేది ఏదో తెలుస్తూనే ఉంది. చుట్టూ నల్లగా నిగనిగలాడే ప్లాస్టిక్కు మీద షోరూములోనే నాలుగు వేలిముద్రలు పడి ఉంటాయి. ఇంతలో యూరప్‌లో భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్, 2026 నుంచి ఇండికేటరు, వైపరు, హారను లాంటి వాటికి చేతికి తగిలే మీటలు లేకపోతే అయిదు స్టార్లు కష్టమని తేల్చేసింది. కాబట్టి మీటలు తిరిగి రాబోతున్నాయి. ఎలా వస్తాయంటే, పొగలోంచి, లేజర్ లైట్ల మధ్య, కోటు తొడుక్కున్న పెద్దమనిషి చేతిలో, 'తిప్పితే తిరిగే నాబ్, ప్రపంచంలో ఇదే మొదటిసారి' అన్న కేకతో. టాప్ మోడల్‌కు మాత్రమే. ఏసీ నాబ్ కావాలంటే ప్యాకేజీ అదనం.