ఎర్రగడ్డ పూసిన పద్యమునకు టీకా తాత్పర్యము

ఎర్రగడ్డ పూసె నింటి పెరటిలోన
కోయవద్దు దాని కూరకొరకు
కాడమీద చూడు గాలిబుగ్గను బోలు
తెల్లపూలబంతి తేలుచుండె

అవతారిక: కృష్ణగిరి జిల్లా వేప్పనపల్లిలో, కత్తి పట్టుకొని పెరట్లోకి వచ్చిన కోడలితో అత్త పలికినది.

ఎర్రగడ్డ: ఉల్లి. 'వెంగాయ' మని అరవపు పాఠాంతరము కలదు గాని గణము చెడును.

పూసె: గంపలో మొలకెత్తినదానిని మట్టిలో గుచ్చగా పూసినదని భావము. ఉల్లి మొదటి ఏడు గడ్డ కట్టును, చలి తగిలిన పిమ్మట పూయును. దానికి 10, 15 డిగ్రీల చలి కొన్ని వారాలు చాలును గనుక ధనుర్మాసమే సరిపోయెను. మధ్య ఆసియాలో పుట్టిన దీని దాయాది ఆలియం జైగాంటియం నాలుగైదు అడుగులెత్తు ఎదిగి ఊదారంగున పూయును. సీమతోటలలో దానికి మహామర్యాద. అయితే అది గట్టి శీతకాలమడుగును. వేప్పనపల్లిలో ఎంత ఖరీదు పెట్టి పాతినను ఆకులతో సరిపెట్టును.

శంక: పక్కనే హోసూరులో గులాబీలుండగా ఈ కంపుపువ్వేల?
సమాధానము: పువ్వునకు సువాసన ఉండవలెననుట పూలంగడివారి మతము. తేనెటీగల మతము వేరు. పైగా ఒక్క బంతిలో వందలకొద్దీ చిన్నపూలు, ఒక్కొక్కదానికి ఆరేసి రేకులు. అన్నియు ఒక్కనాడు విచ్చవు గనుక వేడుక వారాల తరబడి సాగును.

కోయవద్దు: ఇందు గొప్ప దయ కలదని పూర్వటీకాకారులు మురిసిరి. మాకట్లు తోచదు. పూకాడ వచ్చినప్పుడే గడ్డలోని సారమంతయు పైకి పోయి నడుమ గట్టి ఊచ మిగులును. కూరకు రానిదానిని కోయవద్దనుటలో ఖర్చేమున్నది? కాడ లేతగా నున్నప్పుడైతే వేపుడుకు పనికివచ్చెడిది. ఆ సంగతి అత్త దాచినది.

గాలిబుగ్గను బోలు: ఉపమాలంకారము. కాడ లోపల బోలు, నడుమకు దిగువన ఉబ్బు. కావున గాలి నిజముగానే ఉన్నది.

తేలుచుండె: ఇది అబద్ధము. తల బరువెక్కి కాడ వాలును. పక్కన పుల్ల పాతి నారతో కట్టిరి. పుల్ల పద్యములో పట్టలేదు.

విశేషము: పూలెండిన పిదప నల్లని గింజలు రాలును. ఏడాది దాటినచో సరిగా మొలవవు.

తాత్పర్యము: సాంబారుకు అంగడినుండి వేరే ఎర్రగడ్డలు తెమ్మని.